డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ఎంత వేడికి విడిపోతాయో కొలవాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి? గుంటూరు, విజయవాడ ల్యాబుల కోసం

12 బేస్‌ల పొడవున్న ఒక డీఎన్ఏ డ్యూప్లెక్స్, అంటే జతకట్టిన రెండు స్ట్రాండ్లు (పోగులు), తీసుకుందాం. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 2 మైక్రోమోలార్ గాఢత దగ్గర కొలిస్తే అది 50 డిగ్రీలకు సగం విడిపోయిందనుకోండి. అదే డ్యూప్లెక్స్‌ని అదే బఫర్‌లో డీఎస్‌సీలో, అంటే డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్‌లో, 100 మైక్రోమోలార్ దగ్గర కొలిస్తే 60 వస్తుంది. క్యూపీసీఆర్ మెషిన్‌లో (కోవిడ్ పరీక్షల ఆర్‌టీ-పీసీఆర్ మెషిన్ ఇదే) 0.5 మైక్రోమోలార్ దగ్గర ఫ్లోరెసెంట్ లేబుల్, అంటే వెలిగే గుర్తు అణువు, పెట్టి చూస్తే, లేబుల్ ప్రభావం పక్కన పెడితే, 46 చుట్టుపక్కల ఉంటుంది. మూడు కొలతలూ సరైనవే.

రెండు స్ట్రాండ్లు జత కట్టాలంటే ముందు ఒకదానికొకటి తగలాలి. గాఢత పెరిగితే ఆ అవకాశం పెరుగుతుంది, విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి. మోల్‌కి 80 కిలోక్యాలరీల ఎంథాల్పీ (విడదీయడానికి పట్టే వేడి) ఉండి 50 డిగ్రీల దగ్గర కరిగే డ్యూప్లెక్స్‌కి గాఢత 10 రెట్లు పెంచితే మెల్టింగ్ టెంపరేచర్ (సగం విడిపోయే ఉష్ణోగ్రత), అదే టీఎం, దాదాపు 6 డిగ్రీలు పెరుగుతుంది. పై లెక్క అక్కడి నుంచి వచ్చిందే. తన మీద తాను మడతపడే హెయిర్‌పిన్‌కి మాత్రం ఈ బాధ లేదు. అది ఒకటే అణువు కాబట్టి గాఢత మారినా టీఎం మారదు.

అందుకే మెషిన్ ఎంచుకునేటప్పుడు మనకు తెలియకుండానే గాఢతను కూడా ఎంచుకుంటాం. గాఢత, ఉప్పు ఎంతో రాయకుండా టీఎం ఒక్కటే రాస్తే ఆ అంకెను ఇంకొకరు దేనితోనూ పోల్చలేరు.

గుంటూరు, విజయవాడ మధ్య ఇప్పుడు యూనివర్సిటీలకు కొదవ లేదు. నాగార్జున, వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండ, మంగళగిరి అన్నీ గంట ప్రయాణంలో ఉన్నాయి. వీటిలో బయోటెక్, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ ప్రాజెక్టులు చేసే పిల్లలకు ఏటా ఈ ప్రశ్న ఎదురవుతుంది. చాలాసార్లు డిపార్ట్‌మెంట్‌లో ఏ మెషిన్ ఖాళీగా ఉంటే దానితో మొదలుపెట్టేస్తారు. ముందు ప్రశ్న తేల్చుకుని తర్వాత మెషిన్ దగ్గరికి వెళ్తే ఆరు నెలలు కలిసొస్తాయి. నా మాట ముందే చెప్పేస్తాను: ఒలిగోల (పొట్టి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ముక్కల) మీద పనిచేసే చాలామందికి పెల్టియర్ (కరెంటుతో వేడి, చల్లదనం మార్చే బ్లాక్) ఉన్న యూవీ స్పెక్ట్రోఫోటోమీటరే సరైనది. మిగతావి దానికి తోడుగానో, కొన్ని ప్రత్యేకమైన అవసరాలకో పనికొస్తాయి.

అసలు కొలవాల్సిన అవసరం ఉందా?

పీసీఆర్ ప్రైమర్లు (డీఎన్ఏ కాపీ మొదలుపెట్టే పొట్టి ముక్కలు) డిజైన్ చేసుకోవడానికే టీఎం కావాలంటే కొలవకండి. 1998లో శాస్త్రవేత్త శాంటాలూసియా ఒకచోట చేర్చిన నియరెస్ట్ నైబర్ విలువలతో లెక్క కట్టే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. పక్కపక్కన ఉన్న బేస్ జతలను రెండేసి చొప్పున తీసుకుని వాటి శక్తిని కూడుతూ పోవడమే ఆ పద్ధతి. మామూలు డీఎన్ఏ ఒలిగోలకు ఆ లెక్క చాలావరకు 2 డిగ్రీల తేడాలో వస్తుంది. ప్రైమర్‌కి అంతకంటే ఎక్కువ కచ్చితత్వం అక్కర్లేదు. ఎలాగూ ఎనీలింగ్ టెంపరేచర్‌ని (ప్రైమర్ అతుక్కునే ఉష్ణోగ్రతని) గ్రేడియంట్ పెట్టి చూసుకుంటారు.

పాత నోట్సుల్లో ఇంకా రెండు సూత్రాలు తిరుగుతున్నాయి. ఏ, టీ బేస్‌లు ఒక్కోదానికి 2 డిగ్రీలు, జీ, సీ బేస్‌లు ఒక్కోదానికి 4 డిగ్రీలు అనేది ఒకటి. బాగా చిన్న ఒలిగోలకు ఒక అంచనాగా పనికొస్తుంది, అంతే. రెండోది 1962లో మార్మర్, డోటీ ఇచ్చింది: 69.3కి జీసీ శాతాన్ని 0.41తో గుణించి కలపాలి. 50 శాతం జీసీ ఉంటే 89.8 డిగ్రీలు. అది వేల బేస్‌ల పొడవున్న జీనోమ్ డీఎన్ఏకి, 0.15 మోలార్ సోడియం క్లోరైడ్, 0.015 మోలార్ సోడియం సిట్రేట్ ఉన్న ద్రావణంలో కనిపెట్టిన సంబంధం. దాన్ని 20 బేస్‌ల ప్రైమర్‌కి వాడితే అర్థంలేని అంకె వస్తుంది. వైవా పరీక్షల్లో ఇది ఇప్పటికీ తప్పుగా చెబుతుంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొలవాల్సింది ఎప్పుడంటే, రసాయనికంగా మార్చిన బేస్‌లు ఉన్నప్పుడు, డ్యూప్లెక్స్ కాని ఆకారాలు (జీ బేస్‌లు నాలుగేసి కలిసి కట్టే జీ-క్వాడ్రుప్లెక్స్ లాంటివి) ఉన్నప్పుడు, ఒక మందు అణువు డీఎన్ఏకి అతుక్కుని దాన్ని ఎంత బలపరుస్తుందో చూడాల్సి వచ్చినప్పుడు, లేదా ఎంథాల్పీ, ఎంట్రోపీ విలువలే మీ పని అయినప్పుడు.

యూవీ మెల్టింగ్: ఎక్కువ మందికి ఇదే

డీఎన్ఏ బేస్‌లు 260 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటాయి. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉన్నప్పుడు కాస్త తక్కువ పీల్చుకుంటాయి, విడిపోతే ఎక్కువ. డ్యూప్లెక్స్ కరిగేటప్పుడు అబ్సార్బెన్స్ మామూలుగా 20 నుంచి 40 శాతం దాకా పెరుగుతుంది. ఏ లేబుల్ అక్కర్లేదు, ఏ డై అక్కర్లేదు. మీ అణువు ఎలా ఉందో అలాగే కొలుస్తున్నారు. ఈ పద్ధతిని నేను ముందు పెట్టడానికి పెద్ద కారణం ఇదే.

రెండో కారణం, అదే మెషిన్‌లో గాఢతను వంద రెట్ల దాకా మార్చుకోవచ్చు. 10 మిల్లీమీటర్ల క్వార్ట్జ్ క్యూవెట్‌లో (శాంపిల్ పోసే చిన్న పాత్రలో) 2 మైక్రోమోలార్ దగ్గర అబ్సార్బెన్స్ 0.4, 0.5 ఉంటే, గాఢత పదింతలు చేసి 1 మిల్లీమీటర్ క్యూవెట్‌కి మారితే మళ్లీ అదే అబ్సార్బెన్స్ వస్తుంది. రీడింగ్ 2 దాటకుండా చూసుకుంటే చాలు. ఇలా ఎనిమిది, పది గాఢతల్లో టీఎం కొలిచి, టీఎం విలోమాన్ని (కెల్విన్లలో) గాఢత లాగరిథమ్‌కి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు నుంచి ఎంథాల్పీ, అది అక్షాన్ని ఖండించే చోటు నుంచి ఎంట్రోపీ వస్తాయి. విడివిడిగా ఒక్కో కర్వ్‌ని ఫిట్ చేసినా ఎంథాల్పీ వస్తుంది. ఈ రెండు విలువల మధ్య తేడా 15 శాతం లోపు ఉంటే, డ్యూప్లెక్స్ మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒక్కసారే విడిపోతోందన్న ఊహ నమ్మదగిందని ఈ రంగంలో లెక్క. తేడా ఎక్కువ ఉంటే అసలు కథ వేరే ఉంది, అప్పుడు డీఎస్‌సీ గురించి ఆలోచించాలి.

ఒక రన్ దగ్గరగా చూద్దాం. 15 డిగ్రీల నుంచి 95 దాకా, నిమిషానికి అర డిగ్రీ చొప్పున వేడి చేస్తే 160 నిమిషాలు. అదే వేగంతో చల్లార్చడం ఇంకో 160. మొత్తం ఐదు గంటల ఇరవై నిమిషాలు. చల్లార్చే కర్వ్ ఎందుకంటే, రెండూ ఒకదానిమీద ఒకటి పడితేనే మీరు చూసింది సమతాస్థితి. పడకపోతే వేడి చేసే వేగం ఎక్కువైంది, లేదా శాంపిల్ పాడైంది. కర్వ్‌కి రెండు వైపులా చదునైన భాగం, అంటే బేస్‌లైన్, కనీసం పది పదిహేను డిగ్రీల మేర కనిపించాలి. టీఎం 25 దగ్గర ఉన్న చిన్న డ్యూప్లెక్స్‌కి కింది బేస్‌లైన్ దొరకదు. దొరకని బేస్‌లైన్‌ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది, దాంతో ఎంథాల్పీ ఎటో వెళ్లిపోతుంది. సీక్వెన్స్ ఎంచుకునే దశలోనే టీఎం 35కీ 70కీ మధ్య పడేలా చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

నిమిషాల లెక్క ఇంకో సంగతి కూడా చెబుతోంది. ఒకే క్యూవెట్ పట్టే మెషిన్ అయితే రోజుకు ఒక శాంపిల్, మహా అయితే రెండు. ఆరు నుంచి ఎనిమిది సెల్స్, అంటే క్యూవెట్లు, ఒకేసారి పట్టేది అయితే ఒక డ్యూప్లెక్స్ గాఢతల సెట్ దాదాపు ఒక్క రోజులో అయిపోతుంది. కొనేవాళ్లు ఆప్టిక్స్ రిజల్యూషన్ గురించి గంటసేపు అడుగుతారు గానీ, ఈ పనికి సెల్స్ సంఖ్యే ముఖ్యం. అలాగే ఒక సెల్‌లో ఉష్ణోగ్రత ప్రోబ్ ముంచి కొలిచే వీలుందా అని అడగండి. బ్లాక్ ఉష్ణోగ్రతకీ లోపలి ద్రావణం ఉష్ణోగ్రతకీ డిగ్రీకి పైగా తేడా ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా చూపించే డెరివేటివ్ శిఖరం రెండు స్ట్రాండ్ల డ్యూప్లెక్స్‌కి అసలైన టీఎం కాదు, కొంచెం పైన ఉంటుంది. హెయిర్‌పిన్‌కి పర్వాలేదు. డ్యూప్లెక్స్‌కి బేస్‌లైన్లు గీసి సగం విడిపోయిన చోటు చూడాల్సిందే.

జీ-క్వాడ్రుప్లెక్స్ మీద పనిచేసేవాళ్లు 260 దగ్గర చూసి ఏమీ మారలేదని నిరాశపడుతుంటారు. 1998లో మెర్నీ బృందం చూపించినట్టు వాటిని 295 నానోమీటర్ల దగ్గర చూడాలి. అక్కడ కరిగేకొద్దీ అబ్సార్బెన్స్ తగ్గుతుంది, కర్వ్ తలకిందులుగా ఉంటుంది. వీటికి వేగం కూడా తగ్గించాలి, నిమిషానికి 0.2 డిగ్రీలు మంచిది. ఇంకా 320 దగ్గర కూడా ఒక రీడింగ్ తీసుకోండి. అక్కడ డీఎన్ఏ ఏమీ పీల్చుకోదు కాబట్టి ఏదైనా మార్పు కనిపిస్తే అది బుడగో, మసకో.

పెల్టియర్ లేని పాత స్పెక్ట్రోఫోటోమీటర్ మాత్రమే ఉంటే? నీళ్లు తిరిగే జాకెట్ ఉన్న సెల్ హోల్డర్, ఒక సర్క్యులేటింగ్ వాటర్ బాత్ ఉంటే చేత్తో చేయొచ్చు. డిగ్రీ డిగ్రీకీ ఆగి, సెల్ లోపల ఉష్ణోగ్రత కుదురుకున్నాక రీడింగ్ రాసుకోవడమే. ఎంఎస్సీ ప్రాక్టికల్‌కి ఇంతకంటే మంచి పాఠం లేదు. పబ్లికేషన్‌కి మాత్రం పెల్టియరే కావాలి. ఒక చుక్క పెట్టి గాఢత చూసే నానోడ్రాప్ లాంటి మెషిన్లు ఈ పనికి పనికిరావు.

క్యూపీసీఆర్ మెషిన్: ఎక్కువ శాంపిళ్లను వరసలో పెట్టడానికి

కోవిడ్ తర్వాత ఆర్‌టీ-పీసీఆర్ మెషిన్ లేని మెడికల్ కాలేజీ, లైఫ్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్ తక్కువ. ఆ మెషిన్లన్నీ మెల్ట్ కర్వ్ తీయగలవు. బావికి 20 మైక్రోలీటర్లు, 0.5 మైక్రోమోలార్ అంటే స్ట్రాండ్‌కి 10 పికోమోల్‌లు. యూవీలో ఒక మిల్లీలీటర్‌కి 2,000 పికోమోల్‌లు కావాలి. డీఎస్‌సీలో అర మిల్లీలీటర్ సెల్‌కి 50,000. ఈ మూడు అంకెలు ఎదురుగా పెట్టుకుంటే ఖర్చు సంగతి సగం తేలిపోతుంది.

దీనికి రెండు దారులు. ఒకటి, సైబర్ గ్రీన్, ఎవాగ్రీన్ లాంటి డై కలపడం. రెండోది, స్ట్రాండ్ల చివర్లకు ఫామ్ లాంటి ఫ్లోరోఫోర్ (వెలిగే అణువు), దాన్ని ఆర్పే క్వెంచర్ తగిలించి ఆర్డర్ చేయడం. డై చవక. కానీ అది డ్యూప్లెక్స్‌కి అతుక్కుని దాన్నే బలపరుస్తుంది, డై ఎక్కువ వేసేకొద్దీ టీఎం పెరుగుతుంది. అంటే మీరు కొలిచేది డీఎన్ఏ టీఎం కాదు, డీఎన్ఏ, డై కలిసిన ముద్ద టీఎం. ఎంథాల్పీ లెక్కలకు డై పద్ధతి వాడకండి. లేబుల్ పద్ధతి దీనికంటే మేలు, అయినా లేబుల్ వల్ల కూడా టీఎం కొంత జరుగుతుంది.

ఈ మెషిన్ బాగా రాణించేది శాంపిళ్లను వరసలో పెట్టే పనిలో. 80 మందు అణువుల్లో ఏది జీ-క్వాడ్రుప్లెక్స్‌ని ఎక్కువ బలపరుస్తుందో ఒక్క మధ్యాహ్నంలో తేల్చాలంటే యూవీకి సాధ్యం కాదు. ఒకే ప్లేట్‌లో, ఒకే బఫర్‌లో, పక్కనే మందు వేయని కంట్రోల్ పెట్టుకుని తేడా మాత్రమే చూడండి. ఈ ప్లేట్‌లో 62, పోయిన వారం ప్లేట్‌లో 61 అని పోల్చకండి. వరసలో ముందున్న ఐదారింటిని తీసుకెళ్లి యూవీలో లేబుల్ లేకుండా నిర్ధారించుకోండి. ముఖ్యంగా రంగు ఉన్న అణువులు, తామే వెలిగే అణువులు ఫ్లోరెసెన్స్‌ని మోసం చేస్తాయి.

దీనికే దగ్గరి బంధువు హై రిజల్యూషన్ మెల్టింగ్. అమెరికాలోని యూటా యూనివర్సిటీలో విట్వర్ బృందం ఎల్‌సీగ్రీన్ డైతో 2003లో దీన్ని ముందుకు తెచ్చింది. పీసీఆర్ అయిన వెంటనే అదే ట్యూబులో సన్నటి మెట్లుగా వేడి చేసి, కర్వ్ ఆకారంలో తేడా చూసి ఒక్క బేస్ మార్పుని పట్టుకోవడం దీని పని. మన గుంటూరు వాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే చోటు మిర్చి విత్తనం. హైబ్రిడ్ మొక్కలో ఒక మార్కర్ (రకాలను గుర్తుపట్టే డీఎన్ఏ చోటు) దగ్గర తల్లి రూపం, తండ్రి రూపం రెండూ ఉంటాయి. పీసీఆర్ తర్వాత ఆ రెండు రకాల స్ట్రాండ్లు కలగాపులగంగా జతకట్టి, కుదరని జతలు ఏర్పడతాయి. అవి ముందే కరుగుతాయి, కర్వ్ భుజం వాలిపోతుంది. తల్లి మొక్క తనంతట తాను ఫలదీకరణ చెంది వచ్చిన విత్తనంలో ఈ వాలు ఉండదు. పొలంలో మొక్క పెరిగి కాయ పట్టేదాకా ఆగకుండా మొలక ఆకుతోనే స్వచ్ఛత చూడొచ్చు. లాం ఫారం చుట్టుపక్కల విత్తనాల మీద ప్రాజెక్టు చేసేవాళ్లు డీఎస్‌సీ, సీడీల జోలికి పోనక్కర్లేదు, మంచి క్యూపీసీఆర్ మెషిన్ చాలు. ఒక జాగ్రత్త: మార్పు జీసీ జత నుంచి ఏటీ జతకు అయితే చిన్న ముక్కల్లో టీఎం తేడా సుమారు ఒక డిగ్రీ ఉంటుంది, సులభంగా దొరుకుతుంది. 'ఏ' బేస్ ఉండాల్సిన చోట 'టీ' బేస్ వచ్చిన మార్పు అయితే తేడా చాలా చిన్నది, ఒక్కోసారి అసలు కనిపించదు. మార్కర్ ఎంచుకునేటప్పుడే మొదటి రకం చూసుకోండి.

డీఎస్‌సీ, సీడీ ఎప్పుడు?

డీఎస్‌సీ వేడినే కొలుస్తుంది. శిఖరం కింద వైశాల్యమే ఎంథాల్పీ. ఒక్కసారే విడిపోతుందా, దశలవారీగానా అన్న ఊహ అక్కర్లేదు. యూవీలో ఆ 15 శాతం పరీక్ష తప్పిన అణువులకు, మూడు నాలుగు మడతలున్న పెద్ద ఆర్ఎన్ఏలకు ఇదే సరైన న్యాయనిర్ణేత. పైనుంచి ఒత్తిడి పెట్టి నడుపుతారు కాబట్టి నీరు మరగకుండా 100 డిగ్రీలు దాటొచ్చు. బాగా గట్టి డ్యూప్లెక్స్‌లకు ఇది వరం.

ఇబ్బంది శాంపిల్. మామూలుగా మనం ఆర్డర్ చేసే 25 నానోమోల్ స్కేల్‌లో శుద్ధి అయ్యాక చేతికి వచ్చేది ఇంకా తక్కువ. ఒక్క డీఎస్‌సీ రన్‌కే స్ట్రాండ్‌కి 50 నానోమోల్‌లు కావాలని పైన చూశాం. పైగా శాంపిల్, రిఫరెన్స్ బఫర్లు అచ్చంగా ఒకటే ఉండాలి, అంటే డయాలిసిస్ చేసి (శాంపిల్‌ని పొర సంచిలో పోసి బఫర్‌లో ఉంచి) ఆ బయటి ద్రావణాన్నే రిఫరెన్స్‌గా పోయాలి. ఉప్పులో చిన్న తేడా ఉన్నా బేస్‌లైన్ కొండెక్కుతుంది. ఏడాదికి పది శాంపిళ్లు నడిపే డిపార్ట్‌మెంట్ దీన్ని కొనడం డబ్బు వృథా అని నా గట్టి అభిప్రాయం. ఉన్నచోటికి వెళ్లి నడిపించుకోవాలి.

సీడీ, అంటే సర్క్యులర్ డైక్రోయిజం, వేరే ప్రశ్నకు జవాబు: ఏ ఆకారం కరుగుతోంది? సమాంతర జీ-క్వాడ్రుప్లెక్స్‌కి 265 నానోమీటర్ల దగ్గర పాజిటివ్ శిఖరం, వ్యతిరేక దిశది అయితే 295 దగ్గర. వేడి చేసేటప్పుడు ఒక ఆకారం ఇంకో ఆకారంలోకి మారి ఆ తర్వాత కరిగితే యూవీ చెప్పలేదు, సీడీ చెబుతుంది. ఆకారం మీద అనుమానం లేని మామూలు డ్యూప్లెక్స్‌కి దీని అవసరం లేదు.

మెషిన్ కంటే ముందు బఫర్

ట్రిస్ బఫర్ పీహెచ్ వేడికి బాగా పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 7.5 పెట్టుకున్నది 90కి వెళ్లేసరికి 6 దరిదాపులకు వస్తుంది. క్యూపీసీఆర్‌లో ఫామ్ లేబుల్ వాడుతుంటే దెబ్బ రెండు వైపులా. పీహెచ్ తగ్గితే ఫామ్ వెలుగు కూడా తగ్గుతుంది, అది కర్వ్‌లో కలిసిపోతుంది. ఫాస్ఫేట్, కాకోడిలేట్ పీహెచ్‌లు వేడికి దాదాపు కదలవు. కాకోడిలేట్‌లో ఆర్సెనిక్ ఉంటుంది, సింకులో పోయకూడదు, విడిగా సేకరించి పారవేయాలి. ఆ ఏర్పాటు లేని ల్యాబు ఫాస్ఫేట్ వాడటమే మంచిది. మెగ్నీషియం కలపాల్సి వస్తే ఫాస్ఫేట్‌తో అవక్షేపం వచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు హెపెస్ గానీ మాప్స్ గానీ. వాటి పీహెచ్ కూడా కదులుతుంది, ట్రిస్‌తో పోలిస్తే సగమే.

ఉప్పు ఎంత? పాత విలువలతో పోల్చుకోవాలంటే 1 మోలార్ సోడియం క్లోరైడ్, ఎందుకంటే నియరెస్ట్ నైబర్ విలువలు ఆ స్థితిలోనివి. కణంలోని పరిస్థితికి దగ్గరగా కావాలంటే 0.1, 0.15. ఈ రెండింటి మధ్య 12 బేస్‌ల డ్యూప్లెక్స్ టీఎం 10 డిగ్రీలకు పైగా మారుతుంది. క్వాడ్రుప్లెక్స్‌కి ఎంత ఉప్పు అన్నదానికంటే ఏ ఉప్పు అన్నది ముఖ్యం. పొటాషియం సోడియం కంటే బాగా బలపరుస్తుంది, లిథియం దాదాపు సాయం చేయదు. సోడియం ఫాస్ఫేట్ సీసా చేతికి అందిందని అదే పోసి పొటాషియం ప్రభావం కొలుస్తున్నామనుకోవడం కుదరదు.

ఆర్ఎన్ఏ అయితే

పద్ధతుల వరస మారదు, జాగ్రత్తలు పెరుగుతాయి. ఆర్ఎన్ఏ-ఆర్ఎన్ఏ డ్యూప్లెక్స్ సాధారణంగా అదే సీక్వెన్స్ డీఎన్ఏ కంటే గట్టిది, కాబట్టి పై బేస్‌లైన్‌కి చోటు మిగిలేలా చిన్న సీక్వెన్స్ తీసుకోండి. వేడి, మెగ్నీషియం రెండూ కలిస్తే ఆర్ఎన్ఏ వెన్నెముక తెగిపోతుంది. రైబోజ్‌లోని 2వ స్థానం హైడ్రాక్సిల్ దానికి కారణం. మెగ్నీషియం లేకుండా, దాన్ని పట్టేసుకునే ఈడీటీఏ కొద్దిగా వేసి, పీహెచ్ 7 మించకుండా, 90 దాటకుండా నడపడం మేలు. మెగ్నీషియం తప్పనిసరి అయితే రన్ తర్వాత శాంపిల్‌ని జెల్‌లో నడిపి తెగలేదని చూడండి. ఆర్ఎన్ఏని కోసే ఎంజైమ్ భయం ఉంటే డీఈపీసీ (ఆ ఎంజైమ్‌ని పనిచేయకుండా చేసే రసాయనం) నీళ్లు వాడతారు గానీ, ట్రిస్ ఉన్న ద్రావణంలో డీఈపీసీ నేరుగా వేయకూడదు, అది ట్రిస్‌తోనే చర్య జరిపి అయిపోతుంది.

ఇక్కడి ఎండ, తేమ, కరెంటు

ఇది విదేశీ ప్రోటోకాల్స్‌లో సరిగ్గా ఉండదు. వానాకాలంలో కృష్ణా తీరంలో గాలి మంచుబిందువు 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మీరు క్యూవెట్‌ని 15 నుంచి మొదలుపెడితే బయటి గోడ మీద సన్నటి చెమట పడుతుంది. కంటికి సరిగ్గా కనిపించదు, డిటెక్టర్‌కి కనిపిస్తుంది. అబ్సార్బెన్స్ ఎక్కువగా మొదలై, 25 దాటాక చెమట ఆరి మెల్లగా దిగుతుంది. కింది బేస్‌లైన్ వాలు తిరగబడినట్టు కనిపిస్తే, 320 రీడింగ్ కూడా దానితోపాటు దిగితే, అది చెమటే. సెల్ గదిలోకి పొడి నైట్రోజన్ వదిలితే పోతుంది. సిలిండర్లు పారిశ్రామిక గ్యాస్ అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి, ప్యూరిటీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. నైట్రోజన్ లేకపోతే ఏసీ గదిలో తేమ తగ్గించి, 25కి బాగా పైన కరిగే డ్యూప్లెక్స్‌లతోనే పని నడపండి. సీడీ వాళ్లకు నైట్రోజన్ ఎలాగూ తప్పదు, అది లేకుండా ల్యాంప్ వెలిగించకూడదు.

పైన 95 దగ్గర వేరే ఇబ్బంది: ఆవిరి, బుడగలు. శాంపిల్‌ని ముందే ఒకసారి 90కి వేడి చేసి చల్లార్చండి. దాంతో కరిగి ఉన్న గాలి పోతుంది, స్ట్రాండ్లు కూడా సరిగ్గా జతకడతాయి. టెఫ్లాన్ మూత బిగించి, పైన పలుచగా సిలికాన్ ఆయిల్ పొర వేస్తే గాఢత మారదు.

ఐదు గంటల రన్ మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ క్షణంలో పెల్టియర్ కంట్రోలర్ రీసెట్ అయితే రోజు పోయినట్టే. కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టి మెషిన్‌కి పెట్టని ల్యాబులు చాలా ఉన్నాయి. రెండింటికీ ఆన్‌లైన్ యూపీఎస్ ఉండాలి. అలాగే ఎండాకాలం ఒలిగోలు ఆర్డర్ చేస్తే పొడిగా పంపమనండి. పొడి డీఎన్ఏ పార్సిల్ రెండు రోజులు కొరియర్ ఆఫీసులో ఉండిపోయినా ఏమీ కాదు. ఆర్ఎన్ఏని చల్లగా పంపమని, వారం మొదట్లో చేరేలా అడగండి.

కొనాలా, వేరేచోట చేయించుకోవాలా?

డిపార్ట్‌మెంట్‌కి ఒక్క గ్రాంటే వచ్చిందనుకుంటే నా సలహా, ఎనిమిది సెల్స్ పెల్టియర్ ఉన్న యూవీ కొనండి. ఒలిగోల పని లేని రోజు అది ఎంజైమ్ కైనెటిక్స్‌కి, ప్రోటీన్ మెల్టింగ్‌కి పనికొస్తుంది, ఖాళీగా ఉండదు. క్యూపీసీఆర్ ఇప్పటికే ఉంటే స్క్రీనింగ్ దానితో చేసుకోండి. డీఎస్‌సీ, సీడీ కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూసి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. హైదరాబాద్ ఐదారు గంటల ప్రయాణం. పొడి శాంపిల్, బఫర్ విడిగా పట్టుకెళ్లి అక్కడే కలిపి డయాలిసిస్ చేస్తే దారిలో ఏమీ పాడవదు. వెళ్లేముందు యూవీ డేటా చేతిలో ఉండాలి. టీఎం ఎక్కడుందో తెలియకుండా డీఎస్‌సీ స్లాట్ తీసుకుంటే మొదటి రోజు దాన్ని వెతకడానికే పోతుంది.

కొనేవాళ్లు కొటేషన్లు పోల్చేటప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్వీస్ ఇంజనీర్ ఎక్కడి నుంచి వస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు, వార్షిక మెయింటెనెన్స్‌లో పెల్టియర్ బ్లాక్ ఉందా లేదా. ఉష్ణోగ్రత కింది హద్దు ఎంత, అది ఏ గది ఉష్ణోగ్రత దగ్గర చెప్పిన అంకె. ఏసీ సరిగ్గా లేని గదిలో 35 డిగ్రీలున్నప్పుడు కొన్ని పెల్టియర్లు చెప్పినంత కిందికి దిగవు. ముడి డేటా మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి వస్తుందా. అది వస్తే మెల్ట్‌ఆర్ లాంటి ఉచిత ప్యాకేజీతో ఫిట్టింగ్ మీరే చేసుకోవచ్చు, కంపెనీ థర్మల్ సాఫ్ట్‌వేర్‌కి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. ఇక డెమోకి వాళ్లు తెచ్చిన శాంపిల్ చూసి సరిపెట్టుకోకండి. మీ సొంత హెయిర్‌పిన్ ఒకటి ఇచ్చి రెండు వేర్వేరు గాఢతల్లో, అన్ని సెల్స్‌లో నడపమనండి. హెయిర్‌పిన్ టీఎం గాఢతతో మారకూడదు కాబట్టి సెల్స్ మధ్య అర డిగ్రీకి మించి తేడా వస్తే అది బ్లాక్ తప్పు. ఆ రన్ ప్రింటు తీసి కొటేషన్ ఫైల్లో పెట్టుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి.